ఆలస్యంగా అందుకునే బండి

మా అక్కకు మంగళ, గురు, శనివారాల్లో డయాలసిస్, అంటే యంత్రంతో రక్తశుద్ధి, జరగాలి. శ్రీకాకుళంలో ఆమెకు కేటాయించిన పడక ఉదయం ఆరున్నరకు సిద్ధమవుతుంది. ఏడు దాటినా మనిషి రాకపోతే, బయట బల్ల మీద ఎదురుచూస్తున్న మరొకరిని పిలుస్తారు. ఇందులో ఎవరి నిర్దయా లేదు. యంత్రాలు కొద్ది, వాటి కోసం వచ్చేవారు చాలామంది. ఈ సంగతి మా అక్కకు మాకన్నా బాగా తెలుసు. అందుకే ఆమె తెల్లవారకముందే లేచి, స్నానం చేసి, సూదులు గుచ్చే ఎడమచేతి మీద మడత పెట్టిన తువ్వాలు కప్పుకుని, అరుగు మీద కూర్చుని కారు చప్పుడు కోసం చెవులు పెట్టుకుని ఉండేది.

ఆ కారు మా బావది. పాత డీజిలు బండి. మా ఊరు శ్రీకూర్మం దారిలో ఉంది. ఆ వేళకు బస్సు రాదు, ఆటో కుదుపులకు అక్క నడుము తట్టుకోలేదు. అందుకని వరి పొలం తప్ప మరో వ్యవహారం తెలియని బావ, నలభై ఎనిమిదో ఏట స్టీరింగు పట్టడం నేర్చుకున్నాడు. నేను శ్రీకాకుళంలో ఒక కళాశాలలో భౌతికశాస్త్ర ప్రయోగశాల పరికరాలు చూసుకుంటాను. మా ఇళ్ల మధ్య ఒక్క గోడే అడ్డం. ఆ మూడు రోజులూ నేను వాళ్లతోనే కారులో వెళ్లి, అక్కను పడక మీద పడుకోబెట్టి, అక్కడి నుంచి కళాశాలకు నడిచి వెళ్లేవాణ్ణి.

కార్తీకమాసం చివర్లో ఇంజను చప్పుడు మారింది. అంతకుముందు తాళం తిప్పీ తిప్పగానే ఒక్క ఊపున అందుకునేది. ఇప్పుడు తల మీద మూట పెట్టుకున్న మనిషి మెట్లెక్కినట్లు, ఒక్కొక్క తిరుగుడుకూ ఆయాసపడుతూ, మూడోసారికో నాలుగోసారికో అందుకోసాగింది. పెట్రోలు బండిలా డీజిలు బండిలో నిప్పురవ్వ ఉండదు. ఇంజను తగినంత వేగంగా తిరిగి, లోపలి గాలిని నొక్కి వేడి చేస్తేనే నూనె మండుతుంది. నెమ్మదిగా తిరిగితే ఎంతసేపు తిప్పినా ప్రయోజనం లేదు. ఇది నేను విద్యార్థులకు బొమ్మ గీసి చెప్పే పాఠమే. కాని ఆ చలి ఉదయాల్లో, అరుగు మీద అక్క తువ్వాలును బిగించి పట్టుకుంటుంటే, అది పాఠంలా వినిపించేది కాదు.

జంక్షన్లో మెకానిక్కు దగ్గరికి తీసుకెళ్లాం. అతడు బానెట్టు ఎత్తకముందే తేల్చేశాడు.

"బేటరీ ఎలిపోనాది మావా. మనిషికి గుండెకాయెలాగో బండికి బేటరీ అలాగ."

"నీ గుండెకాయ ఎన్నాళ్లకోపాలి మారుస్తావేటి?" అన్నాడు బావ.

"నాది కంపెనీదే ఇంకా నడుస్తన్నాది. నీ బండిదే సెకనేండు."

కొత్త బ్యాటరీ వేశాక బండి నిజంగానే కోలుకుంది. బావ ఆ వారమంతా మెకానిక్కును మెచ్చుకున్నాడు. ఆ శుక్రవారం అక్క కొత్త బ్యాటరీకి పూజ చేసింది.

ఆ పూజ గురించి కొంచెం వివరంగా చెప్పాలి. జబ్బు పడకముందు మా అక్క చేతులు ఊరికే ఉండగా నేను చూడలేదు. ఊడుపులకు వెళ్లేది, కుప్ప నూర్చేది, పశువుల శాల కడిగేది. ఇప్పుడు ఎడమచేత్తో బిందె ఎత్తకూడదు. ఉప్పు కొలత, నీళ్లు కొలత. కొబ్బరి చెట్ల మధ్య పుట్టి పెరిగిన మనిషికి కొబ్బరి నీళ్లు పూర్తిగా మానాల్సి వచ్చింది. వాటిలో ఉన్న పొటాషియాన్ని చెడిపోయిన మూత్రపిండాలు బయటికి పంపలేవు, అది గుండె మీదికి వస్తుందని డాక్టరు చెప్పారు. ఇల్లు నడపడంలో ఆమెకంటూ మిగిలిన పని శుక్రవారం నాటి బండి పూజ ఒక్కటే. బావ బానెట్టు ఎత్తి పట్టుకుంటే, ఆమె బ్యాటరీకీ, దాని పక్క రేకుకూ పసుపు దట్టంగా పూసి, కుంకుమ బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, ఆ నీళ్లు ఇంజను మీద చిలకరించేది. అందరూ దసరాకు ఒకసారి చేసే పూజ ఆమె వారం వారం చేసేది. వచ్చే వారం మూడు ప్రయాణాలూ సవ్యంగా సాగాలని ఆమె కోరిక.

నెల తిరక్కుండానే బండి మళ్లీ ఆయాసపడసాగింది.

దినచర్య రాయడం నాకు పాతికేళ్ల అలవాటు. వాన కొలత, కరెంటు మీటరు, బావిలో నీటి మట్టం, అన్నీ తేదీతో రాస్తాను. బండికి కూడా ఒక పట్టిక గీశాను: ఎంత చలి ఉంది, మంచు పడిందా, బండి ఎక్కడ నిలిపారు, ఎన్నోసారికి అందుకుంది. రెండు వారాల అంకెలు పోల్చి చూస్తే చలి ఎక్కువైన రోజున ఆలస్యం ఎక్కువని తేలింది. ఇంజనును ముందుగా వెచ్చబెట్టే హీటరు ప్లగ్గులు పాడై ఉంటాయని నిర్ధారించాను. విప్పి పరీక్షిస్తే నాలుగూ ఎర్రగా కాలాయి, వాటిలో ఏ లోపమూ లేదు. నా పట్టిక అబద్ధం చెప్పలేదు. నేను ముఖ్యమనుకున్న గడులే అందులో ఉన్నాయి. ముఖ్యమైనదానికి గడి లేదు.

ఈసారి మెకానిక్కు ఇంజనును తిప్పే స్టార్టరు మోటారు మీద పడ్డాడు. దాన్ని విప్పి, శ్రీకాకుళం పంపి, అరిగిన బ్రష్షులు మార్పించి బిగించాడు. మళ్లీ బండి కోలుకుంది. మళ్లీ శుక్రవారం పూజ జరిగింది, ఈసారి రెండు కొబ్బరికాయలతో. మళ్లీ నెల తిరక్కుండానే మొదటికొచ్చింది.

"దిష్టి తగిలినాది దీనికి," అన్నాడు బావ.

"దిష్టి తగలడానికి దాని అందమేటి? నీకు తోలడం రాదు. అదీ సంగతి," అంది అక్క.

అలా ఎకసెక్కాలాడుకుంటూనే మాఘమాసం వచ్చింది. ఒక శనివారం తాళం తిప్పితే ఇంజను రెండు తిరుగుళ్లు తిరిగి ఆగిపోయింది. మూడోసారికి టక్కుమని ఒక్క చప్పుడు చేసి ఊరుకుంది. నేనూ బావా తోశాం. ఇసుక దారిలో చక్రాలు కూరుకున్నాయే గాని బండి వేగం అందుకోలేదు. అక్క అరుగు దిగి, కుడిచేతిని కారు వెనుక అద్దానికి ఆనించి తోయబోయింది. బావ ఆమె మీద అరిచాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన ఆమె మీద అలా అరవగా నేను వినడం అదే మొదలు. చివరకు పక్క వీధి ఆటో దొరికి మేం చేరేసరికి ఏడున్నర కావస్తోంది. ఆమె పడక మీద వేరొకరు ఉన్నారు. మర్నాడు మధ్యాహ్నానికి గాని ఆమెకు వంతు కుదరలేదు.

ఆ ఒకటిన్నర రోజులో ఆమె ముఖం ఉబ్బింది. పడుకుంటే ఊపిరాడక దిళ్లకు ఆనుకుని కూర్చునే ఉంది. ఆదివారం యంత్రానికి కలిపే ముందు రక్తం తీసి పరీక్షించారు. ఆ కాగితాన్ని నేనూ బావా వరండాలో నిలబడి చదివాం. పొటాషియం దాటకూడని గీతను బాగా దాటిపోయింది. ఇంకొక్క రోజు ఆలస్యమైతే గుండె ఆగే ప్రమాదం ఉండేదని డాక్టరు మెల్లగా, కాని స్పష్టంగా చెప్పారు. బావ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో దాచుకున్నాడు.

"మీ అక్కకి సెప్పకురా. బండి నాది, ఆలీసం నాది. దానికి బెంగెందుకు?"

అక్క అడిగినప్పుడు, "అంతా బాగున్నాదంట," అన్నాడు. నేను కాదనలేదు.

మంగళ, గురు, శనివారాలకు ఆటోనే మాట్లాడుకున్నాం. కుదుపులకు అక్క పెదవి కొరుక్కుంటూ కూర్చునేది. ఆ తరువాతి ఆదివారం మధ్యాహ్నం, ఆమె నిద్రపోతుండగా, కళాశాల నుంచి వోల్టేజీ కొలిచే నా మీటరు తెచ్చుకుని నేను బండి ముందు కూర్చున్నాను. ఇక ఊహలు వద్దనీ, కరెంటు వెళ్లే దారిని ఒక్కొక్క మజిలీ కొలుస్తూ పోవాలనీ నిశ్చయించుకున్నాను. తాళం తిప్పడం బావ పని.

మొదట బ్యాటరీ రెండు కొనల మీద మీటరు తీగలు ఆనించాను. తాళం తిప్పినప్పుడు కూడా వోల్టేజీ పెద్దగా పడలేదు. అంటే బ్యాటరీలో బలం ఉంది, అది స్టార్టరుకు చేరడం లేదు. బ్యాటరీ నుంచి స్టార్టరుకు వెళ్లే ఎర్ర తీగను కొలిచాను. లోపం లేదు. ఇక మిగిలింది తిరుగు దారి. స్టార్టరు వాడుకున్న కరెంటు ఇంజను ఇనుములోంచీ, బండి రేకులోంచీ నడిచి, ఎర్తు అనే నల్ల తీగ ద్వారా బ్యాటరీకి తిరిగి రావాలి. బ్యాటరీ మార్చినవాళ్లమూ, మోటారు విప్పినవాళ్లమూ వెళ్లే దారి గురించే ఆలోచించాం. రావలసిన దారి ఒకటి ఉందని ఎవరికీ తట్టలేదు.

ఒక తీగను ఇంజనుకూ, రెండోదాన్ని బ్యాటరీ మైనసు కొనకూ ఆనించాను. ఆ రెంటి మధ్య తేడా దాదాపు సున్నా ఉండాలి. మహా అయితే అర వోల్టు. బావ తాళం తిప్పాడు. రెండు వోల్టులకు దగ్గరగా చూపింది. ఇంజను దగ్గరి తీగను జరుపుకుంటూ వచ్చి బ్యాటరీ పక్క రేకు మీద పెట్టాను. అంకె తగ్గలేదు. నష్టమంతా ఆ జానెడు మేరలోనే ఉంది, నల్ల తీగను రేకుకు బిగించిన బోల్టు దగ్గర.

అక్కడ పసుపు అట్ట కట్టి ఉంది. స్క్రూడ్రైవరు కొనతో ఒక మూల గీకాను. కింద మరో పొర, దాని కింద మరొకటి. అట్టడుగున ఆకుపచ్చగా, తెల్లగా చిలుము పట్టి, బోల్టుకూ రేకుకూ మధ్య కరెంటుకు అడ్డంగా జిగురులా పేరుకుంది. వేలితో తాకి వాసన చూశాను. పులిసిన కొబ్బరి నీళ్లు.

బావ కారు దిగి వచ్చి వంగి చూశాడు. ఆయనకు నేనేమీ వివరించనక్కరలేకపోయింది. బ్యాటరీ మార్చినప్పుడూ, మోటారు విప్పినప్పుడూ బండి ఎందుకు కోలుకుందో అప్పుడు నాకు బోధపడింది. పని చేసే ముందు మెకానిక్కు అలవాటుగా ఆ బోల్టు విప్పి, పని అయ్యాక బిగించేవాడు. ఆ కదలికకు చిలుము కాస్త రాలేది. ఆ శుక్రవారం నుంచి మళ్లీ పట్టేది. బండి బాగుపడినందుకు పూజ హెచ్చేది. పూజ హెచ్చినకొద్దీ చిలుము హెచ్చేది.

బావ ఇంటి వైపు ఒకసారి చూశాడు. తరువాత అన్నాడు, "దానికి సెప్పొద్దు."

"సెప్పకపోతే శుక్రారం మళ్లీ పోస్తాది బావా."

"బానెట్టు పట్టీసినాది, రావట్నేదంటాను. లేపోతే నువ్వే ఆ తీగని ఇంకోకాడ బిగించీ, నీల్లు పడనికాడ. ఏదో ఒకటి సెయ్యి. ఇదొక్క పనే మిగిలినాది దానికి. ఇదీ తప్పేనని ఎలాగ సెప్పమంటావు?"

తీగను కిందికి మార్చి బిగించడం కష్టమేమీ కాదు. ఆమెకు తెలియకుండానే బండి బాగుపడుతుంది, పూజా సాగుతుంది. ఆ ఉపాయం నాకూ నచ్చింది. కొత్త తీగకు ఎంత పొడవు కావాలో కొలవడం కూడా మొదలుపెట్టాను. అంతలో వెనుక నుంచి అక్క గొంతు వినిపించింది.

"ఏటి ఇద్దరూ, సావింట్లోనాగ సప్పుడు సెయ్యకుండా నిలబడినారు?"

"ఏటీ నేదు. టైర్లకి గాలి కొడతన్నాం," అన్నాడు బావ.

"టైర్లు బానెట్లోకి ఎప్పుడొచ్చినాయి?"

ఆమె మెల్లగా నడిచి వచ్చి లోపలికి చూసింది. "నా పసుపు ఎవులు గీకీసినారు?"

"వానకి కడుక్కుపోనాది."

"మాగమాసంలో వానేటయ్యా?" అని, ఆయన్ను వదిలి నా వైపు తిరిగింది. "ఒరే తమ్ముడా. మీ బావకి అబద్దం రాదు. నువ్వు సెప్పు."

నా చేతిలో కొలత తాడు ఉంది. బావ నా వైపు చూడకుండా పొలాల వైపు చూస్తున్నాడు. ఆ క్షణంలో నాకు ఒక్కటే తోచింది. ఆమె బతుకు ఆధారపడిన మూడు సంగతులు ఆ బండి, ఆ పడక, ఆమె రక్తం. ఆ మూడింటిని గురించీ మేమే తెలుసుకుంటున్నాం, మేమే దాస్తున్నాం. ఆమె తువ్వాలు కప్పుకుని అరుగు మీద కూర్చోవడం మాత్రమే ఆమెకు వదిలిపెట్టాం.

"ఇలా రా అక్కా, సూపిస్తాను," అన్నాను.

మీటరు ఆమె కుడిచేతికి ఇచ్చాను. తీగలు నేను ఆనించాను. బావను తాళం తిప్పమంటే కాసేపు కదల్లేదు. ఆమె అటు చూసేసరికి వెళ్లి తిప్పాడు. ఇంజను మూలిగింది. ఆమె కళ్లు చికిలించి చదివింది.

"ఒకటి... పక్కని తొమ్మిది."

"అర కూడా దాటకూడదు."

"ఇప్పుడు?"

బోల్టు విప్పాను. బావ మరిగిన నీళ్లు తెచ్చాడు. ఇనుప బ్రష్షుతో రేకు మెరిసేదాకా రుద్ది, తుడిచి, బిగించి, పైన గ్రీజు రాశాను. అంతసేపూ ఆమె అక్కడే స్టూలు మీద కూర్చుని, రాలుతున్న పసుపు పెచ్చుల వైపు చూస్తూ ఉంది. మళ్లీ తీగలు ఆనించాను. బావ తాళం తిప్పాడు. ఆమె అంకె చదివే లోపే ఇంజను ఒక్క ఊపున అందుకుంది. బావ దాన్ని కాసేపు అలాగే ఉంచి ఆపేశాడు.

"అయితే ఆ శనారం బండి ఆగిపోనాది నా వల్లే."

"నీ వల్లేటి? బండి సూసుకోడం నా పని," అన్నాడు బావ లోపలి నుంచే.

"నువ్వుండు. ఆడిని సెప్పనీ."

"నీల్లు పోసింది నువ్వే అక్కా," అన్నాను. "బానెట్టు ఎత్తి పట్టుకున్నాది బావ. పక్కని నిలబడి దణ్ణం ఎట్టింది నాను. ఇలాగవుతాదని ముగ్గురికీ తెలీదు."

ఆమె ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. చెంగుతో చేయి తుడుచుకుని, "నాకు ఇసమన్నారు కదాని దానికి పోసినాను. దానికీ ఇసమేనన్నమాట," అంది. ఆ మాటలో కొంచెం నవ్వు కూడా ఉంది. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. ఏదో లెక్క కట్టుకుంటున్నట్లు వేళ్లు మడిచి, బావను అడిగింది.

"ఇది నాకు సెప్పకుండా దాద్దామనుకున్నారు. మరి ఆదోరం రగతం తీసినారు. బాగున్నాదన్నావు. అదీ ఇలాగేనా?"

బావ కారు దిగాడు. ఇంట్లోకి వెళ్లి, నాలుగు మడతల కాగితం తెచ్చి, మడతలు విప్పి, ఆమె ఒడిలో పెట్టాడు. అది ఇచ్చి అరుగు మీద ఆమెకు దూరంగా కూర్చున్నాడు. ఆమె అంకెలు చదవగలదు గాని ఏది దేనిదో తెలియదు. పొటాషియం వరుస నేను వేలు పెట్టి చూపించాను. డాక్టరు చెప్పిన మాట ఉన్నదున్నట్లు చెప్పాను.

"అంటే సచ్చిపోయిందునా?"

"ఇంకొక్క రోజు అయితే, అవును."

"ఊఁ," అంది. కాసేపటికి బావతో, "ఇలా వొచ్చి దగ్గిర కూకో. నిన్నేటీ అన్ను," అంది. ఆయన వచ్చి కూర్చున్నాక మా ఇద్దరితో చెప్పింది. "ఇకనుంచి పేపరు నా సేతికియ్యాలి. ముందల నాను సూస్తాను. తరవాత మీరు సూసుకోండి."

మంగళవారం బండి మొదటిసారికే అందుకుంది. గురువారమూ అందుకుంది. శుక్రవారం ఆమె బానెట్టు ఎత్తమనలేదు. పైన రేకు మీద ఒక కుంకుమ బొట్టు పెట్టి, కొబ్బరికాయ ముందు చక్రం పక్కన కొట్టి, నీళ్లు మట్టిలోకి వంచింది. ఆ తరువాత బావను పిలిచి, ఎర్తు బోల్టు చూడమంది. ఆయన బానెట్టు ఎత్తి, వేలితో తడిమి, పొడిగానే ఉందన్నాడు. అయినా తానూ ఒకసారి వంగి చూసింది.

ఆ నెలాఖరులో మళ్లీ రక్తపరీక్ష జరిగింది. నర్సు కాగితం తెచ్చి పడక దగ్గర నిలబడగానే బావ అలవాటుగా చేయి చాచాడు. మరుక్షణంలో ఆ చేతిని వెనక్కు తీసుకుని మంచం కమ్మీ పట్టుకున్నాడు. అక్క కుడిచేయి చాచి కాగితం అందుకుంది. ఎడమచేతికి గొట్టాలు ఉన్నాయి గనుక దాన్ని కదపకుండా, కాగితాన్ని కడుపు మీద ఆనించుకుని, పొటాషియం వరుస ఎక్కడుందో తానే వెతుక్కుంది. కిందటిసారి కన్నా బాగా తగ్గింది. గీతకు ఇంకా కొంచెం పైనే ఉంది. ఆ సంగతి మాకు ఆమే చెప్పింది. చెప్పి, కాగితం నా వైపు తిప్పి, దాని కింద ఉన్న వరుస మీద వేలు పెట్టి అడిగింది.

"ఇదేటిరా?"

అది ఏమిటో, అది ఎంత ఉండాలో, ఆమెకు ఎంత ఉందో చెప్పాను. ఆ అంకె బాగోలేదు. అది కూడా చెప్పాను. ఆమె తల పంకించి వేలు తరువాతి వరుస మీదికి జరిపింది.